క్రూజ్‌లో మొహమాటపడితే కడుపు మాడుతుంది: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో మా అలాస్కా ట్రిప్ గురించి రాశాను కదా, సియాటిల్‌లో షిప్ ఎక్కి జూనో, స్కాగ్వే, కెచికాన్ చూసుకుని ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ సియాటిల్‌లోనే దిగాం అని. అందరూ గ్లేసియర్ల గురించి అడుగుతారనుకున్నా, తీరా చూస్తే ముప్పాతిక ఉత్తరాలు తిండి గురించీ, అక్కడ వడ్డించేవాళ్ళ గురించే. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశా.

ప్రశ్న: అక్కా, మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, ఈ జూన్‌లో మమ్మల్ని గాల్వెస్టన్ నుంచి క్రూజ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. మేం గుడ్డు కూడా తినం. ఏడు రోజులు బ్రెడ్డు ముక్కలతో బతకాలా ఏంటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్కర్లేదండీ, కానీ నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం అదే గతి, మాకు జరిగింది కాబట్టే చెప్తున్నా. మా అత్తయ్య కూడా గుడ్డు ముట్టదు. మా మొదటి క్రూజ్‌లో మూడు రోజులు ఆవిడ తిన్నది బఫేలో తెల్లన్నం, పొద్దున టిఫిన్ దగ్గర తీసి దాచుకున్న పెరుగు కప్పు, ఒక అరటిపండు, అంతే. అడుగుతానత్తయ్యా అంటే "వద్దులేమ్మా, ఇంతమందిలో నా ఒక్కదాని కోసం వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం" అనేది, నాకూ ఎవర్ని ఎలా అడగాలో తెలీక ఊరుకున్నా. నాలుగో రాత్రి డైనింగ్ రూమ్‌లో మాకు నీళ్ళు పోసే కుర్రాడు, మంగళూరు అబ్బాయి, ఆవిడ ప్లేటు వంక చూసి "అమ్మా, మొదటి రోజే ఎందుకు చెప్పలేదు" అని హిందీలో అడిగాడు, ఆ మాటకి ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు రాత్రికి పప్పు, జీరా రైస్, ఆలూ గోబీ, వేడి చపాతీలు వచ్చాయి, పక్కన చిన్న గిన్నెలో తరిగిన పచ్చిమిరపకాయలు కూడా. ఆ మూడు రోజుల ఆకలి నా వల్లేనని ఇప్పటికీ బాధ నాకు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, షిప్‌లో ఇది అక్షరాలా నిజం.

కాబట్టి ముందు మీ అబ్బాయి చేత బుకింగ్‌లోనే స్పెషల్ డైట్ అనే చోట వెజిటేరియన్, గుడ్డు వద్దు అని రాయించండి. రాశాం కదా అని వదిలేయకండి, ఎక్కిన రోజు మధ్యాహ్నం అందరూ బఫే మీద పడుతుంటే మీరు మెయిన్ డైనింగ్ రూమ్ దగ్గరికి వెళ్ళి హెడ్ వెయిటర్ ఎవరో కనుక్కుని ఆయనకి ఎదురుగా చెప్పండి. పెద్ద షిప్పుల్లో వంటవాళ్ళలో మనవాళ్ళు బాగానే ఉంటారు, కానీ వేల మందికి వండే వంటిల్లు అది, అప్పటికప్పుడు పప్పు పెట్టమంటే కుదరదు, ఒకరోజు ముందు చెప్తే చేస్తారు. చాలాచోట్ల రేపటి మెనూ ఈ రాత్రే తెచ్చి చూపిస్తారు, అందులోంచి ఇది మాకు మాంసం లేకుండా చేయండి అన్నా సరే, దాల్, అన్నం, కూర చేయండి అన్నా సరే.

ఇంకో ముఖ్యమైన సంగతి, వెజిటేరియన్ అన్న ఒక్క మాట మీద నమ్మకం పెట్టుకోకండి, వాళ్ళ లెక్కలో గుడ్డు వెజ్జే. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరు చూసి ఉల్లిపాయ సూపే కదా అనుకుంటాం, దాన్ని మామూలుగా బీఫ్ ఉడికించిన నీళ్ళతో చేస్తారు. కూరగాయల సూపుల్లో కూడా చికెన్ స్టాక్, అంటే కోడి ఉడికించిన నీళ్ళు పోస్తుంటారు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. థాయ్ కూరల్లో ఫిష్ సాస్, జెల్లీల్లో, మూస్ లాంటి స్వీట్లలో పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్. "నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ స్టాక్, నో జెలటిన్" అని ఒక కాగితం మీద రాసుకుని రోజూ చూపించండి, ఇంగ్లీషు రాదని భయం కూడా ఉండదు.

ఇంకోటి, రాత్రి భోజనానికి రోజూ ఒకే టైము, ఒకే టేబుల్ ఉండే పద్ధతి తీసుకోండి. ఎప్పుడైనా రావచ్చు అనే పద్ధతిలో రోజుకో టేబుల్, రోజుకో వెయిటర్ రావొచ్చు, మీ కథ మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలి. ఒకే వెయిటర్ అయితే రెండో రోజుకే మీ సంగతి గుర్తుపెట్టుకుంటాడు.

ప్రశ్న: మేడమ్, మేం నలుగురం. టికెట్ డబ్బులన్నీ కట్టాక మనిషికి రోజుకి ఇంత అని టిప్పు బిల్లులో వాళ్ళే వేస్తారట. ఫ్రెండ్స్ ఏమో కౌంటర్‌కి వెళ్ళి తీయించెయ్, బాగా చేసినవాళ్ళకి చేతికి ఇవ్వు అంటున్నారు. ఏది కరెక్ట్?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తీయించకండి సర్. అమెరికా కంపెనీల పెద్ద షిప్పుల్లో ఇది మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది, రోజుకి 18 అనుకున్నా నలుగురికి ఏడు రాత్రులకి 504 డాలర్లు, రూపాయల్లోకి మార్చుకుని చూస్తే గుండె గుభేలుమంటుంది, నాకూ మొదటిసారి అలాగే అయ్యింది. చాలా కంపెనీల్లో కౌంటర్‌లో అడిగితే తీసేస్తారు కూడా. కానీ ఆ డబ్బు మీకు కనపడే ఇద్దరు ముగ్గురికే పోదు, వెయిటర్, అసిస్టెంట్ వెయిటర్, క్యాబిన్ ఊడ్చే అతను, ఇంకా చాలా కంపెనీల్లో మన కంటికి కనపడని లాండ్రీవాళ్ళు, అంట్లు కడిగేవాళ్ళకీ అందులోంచి వెళ్తుంది. మీరు దాన్ని తీయించి నవ్వుతూ మాట్లాడిన ఒకరికి 40 డాలర్లు చేతిలో పెడితే, రాత్రి ఒంటిగంటకి మీ ప్లేటు కడిగినవాడికి ఏమీ రాదు.

వాళ్ళ బతుకు కూడా తెలుసుకోండి. గోవా, కేరళ, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా లాంటి చోట్ల నుంచి ఆరు నెలలు, ఎనిమిది నెలలు, ఒక్కోసారి తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద వస్తారు, ఆ నెలలన్నీ ఆదివారం అనేది లేదు. 2013 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, ఆ 10 గంటల్ని కూడా రెండు ముక్కలు చేయొచ్చు, ఒక ముక్క ఆరు గంటలకి తగ్గకూడదు అంతే. అంటే రాత్రి మీకు డిన్నర్ పెట్టినతను పొద్దున్నే బఫేలో ఆమ్లెట్ల దగ్గర కనిపిస్తే అది మీ మీద ప్రేమ కాదు, అతని డ్యూటీ. మా మంగళూరు అబ్బాయి వాళ్ళ పాపకి పదినెలలు, పుట్టాక ఒక్కసారే చూశాడట, ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఆ రోజు నుంచి టిప్పు గురించి మా ఇంట్లో వాదన లేదు.

మీ దగ్గర నిజంగా డబ్బు మిగల్చాలంటే ఇంకో దారి ఉంది. కూల్‌డ్రింకు, కాఫీ, బార్, వేరే డబ్బు కట్టి తినే స్పెషాలిటీ రెస్టారెంట్, వీటి బిల్లులో 18 నుంచి 20 శాతం సర్వీస్ చార్జి ముందే కలిపేసి ఉంటుంది, కింద మళ్ళీ టిప్పు అని ఖాళీ గీత ఉంటే అది తెలీక రెండోసారి రాసేవాళ్ళు చాలామంది. ఆ గీత ఖాళీగా వదిలేయండి, ఎవరూ తప్పుపట్టరు. డ్రింక్స్ ప్యాకేజీ కూడా ఆలోచించి కొనండి, మందుతో కలిపిన ప్యాకేజీ ఒకే క్యాబిన్‌లో పెద్దవాళ్ళలో ఒకరు తీసుకుంటే మిగతా పెద్దవాళ్ళూ తీసుకోవాలనే రూల్ చాలా కంపెనీల్లో ఉంది, వాళ్ళలో ఒకరు మంచినీళ్ళే తాగినా సరే డబ్బు కట్టాల్సిందే.

ప్రశ్న: అక్కా నమస్తే. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా పట్టుకెళ్ళొచ్చా? మా ఊళ్ళోనే క్రూజ్ టెర్మినల్ కట్టారు కానీ మేం వెళ్ళేది సింగపూర్ నుంచి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రైస్ కుక్కర్ వద్దే వద్దు. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఇలాంటి వేడెక్కే వస్తువుల్ని లగేజీ స్కానింగ్‌లో పట్టుకుని పక్కన పెట్టేస్తారు, దిగేటప్పుడే మళ్ళీ ఇస్తారు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే పారిపోవడానికి చోటుండదు కదా, వాళ్ళ భయం న్యాయమైనదే. ఇంట్లో పెట్టిన పచ్చళ్ళని కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు, కొట్లో కొన్న సీలు తీయని ప్యాకెట్లయితే ఫర్వాలేదంటాయి. అందుకని నేను కందిపొడి, కారప్పొడి, కరివేపాకు పొడి చిన్న చిన్న సీల్డ్ ప్యాకెట్లు తీసుకెళ్తా, తెల్లన్నం, వెన్న బఫేలో ఎలాగూ ఉంటాయి, ఇంకేం కావాలి. కాకపోతే మధ్యలో ఏదైనా రేవులో దిగేటప్పుడు పళ్ళూ, తినేవీ బ్యాగులో పెట్టుకుని దిగకండి, చాలా దేశాల్లో కస్టమ్స్‌వాళ్ళు ఊరుకోరు. మీ వైజాగ్ మీదుగా 2022లో తిరిగిన కార్డీలియా లాంటి మన షిప్పుల్లో అయితే ఈ బాధే లేదు, మన వంటలు ఉంటాయి, జైన్ భోజనం కూడా పెడతారు.

ప్రశ్న: మేం పోయిన ఏడాది వెళ్ళిన షిప్‌లో వెయిటర్ మా అమ్మని అసలు పట్టించుకోలేదు, మంచినీళ్ళు మూడుసార్లు అడగాల్సొచ్చింది, అన్నం చల్లారిపోయి వచ్చేది. ఇంటికొచ్చాక పెద్ద మెయిల్ రాస్తే సారీ అని రెండు లైన్లు పంపారు. చాలా బాధేసింది.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పెద్దావిడ మంచినీళ్ళకి మూడుసార్లు అడుక్కోవడమేంటండీ, చదువుతుంటేనే మనసు చివుక్కుమంది. మీ కోపంలో తప్పు లేదు, టైము మాత్రం దాటిపోయింది. షిప్ దిగాక ఎవరూ ఏమీ చేయలేరు, షిప్‌లో ఉండగా అయితే చాలా చేయగలరు. ఆ రాత్రే, టేబుల్ మీద నుంచి లేవకముందే హెడ్ వెయిటర్‌ని పిలవమని అడగాలి, అరవక్కర్లేదు, "మా అమ్మకి ఇలా జరిగింది, రేపట్నుంచి మాకు ఇంకో టేబుల్ కావాలి" అంటే చాలు. ఆయన వినకపోతే పైన మేటర్ డీ అని డైనింగ్ రూమ్ మొత్తానికి పెద్ద ఉంటాడు, అక్కడా కాకపోతే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్. మాకూ ఒకసారి ఇలాగే అయితే రెండో రాత్రే టేబుల్ మార్పించుకున్నాం, మిగతా ఐదు రాత్రులూ హాయిగా గడిచాయి. మా ఆయన మాత్రం "పోనీలే ఐదు రోజులేగా" అన్నారు, ఆ పోనీలేనే మనల్ని ముంచేది.

అలాగే బాగా చూసుకున్నవాళ్ళ పేర్లు చొక్కా మీద బ్యాడ్జి చూసి రాసుకోండి. దిగిన తర్వాత సర్వే పంపిస్తారు, అందులో ఆ పేర్లు తప్పకుండా రాయండి, ఆ రెండు లైన్లు వాళ్ళ రికార్డులోకి వెళ్తాయి, ప్రమోషన్‌కి పనికొస్తాయి.

ప్రశ్న: క్రూజ్ షిప్పుల్లో వాంతులు, విరేచనాలు అంటుకుంటాయని చదివాం. పిల్లలతో వెళ్ళడం సేఫేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అది నోరోవైరస్ అండీ, షిప్పుల్లోనే పుట్టింది కాదు, హాస్టళ్ళలో, హాస్పిటళ్ళలో కూడా వస్తుంది, కాకపోతే షిప్‌లో వేలమంది అవే గరిటెలు, అవే రెయిలింగులు పట్టుకుంటారు కాబట్టి త్వరగా పాకుతుంది. ఒంట్లోకి వెళ్ళాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. చాలామంది బఫే గుమ్మంలో శానిటైజర్ రుద్దుకుని అయిపోయింది అనుకుంటారు, ఆ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాల్సిందే. అందుకే కొత్త షిప్పుల్లో బఫే ముందే వాష్‌బేసిన్లు పెడుతున్నారు, పిల్లల్ని ముందు అక్కడికి తీసుకెళ్ళండి. గరిటెలు పట్టుకుని వడ్డించుకున్నాక, తినబోయేముందు ఇంకోసారి. మనం చేత్తో తింటాం కాబట్టి మనకి ఇది మరీ ముఖ్యం.

అమెరికా రేవులకి వచ్చే పెద్ద షిప్పులైతే అక్కడి ఆరోగ్య శాఖ సీడీసీ వాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చి వంటిల్లు తనిఖీ చేస్తారు, 1970ల నుంచీ ఉన్న పద్ధతి ఇది, వందకి 86 వస్తేనే పాస్. ఆ మార్కులు అందరూ చూసేలా పెడతారు, బుక్ చేసేముందు మీ షిప్ పేరు కొట్టి చూసుకోండి. ఎవరికైనా వాంతి అయితే మాత్రం దాచకండి, షిప్ డాక్టర్‌కి చెప్పండి, క్యాబిన్‌లో ఉండమంటారు, రెండు రోజుల సరదా పోతుంది నిజమే, కానీ పక్క టేబుల్‌లో కూడా ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉంటారు కదా.

ప్రశ్న: అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే ఫార్మల్ నైట్‌కి సూటు తప్పనిసరా? మా నాన్నకి పంచె తప్ప అలవాటు లేదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పట్టుపంచె, లాల్చీ, కండువా భేషుగ్గా ఉంటాయి. మన పండగ బట్టలే మన ఫార్మల్స్, మావయ్యగారు అలాగే వస్తే వెయిటర్లు వచ్చి ఫోటో దిగారు.

ప్రశ్న: మా అత్తగారికి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. రాత్రి ఎనిమిదిన్నరకి భోజనం అంటే భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: రాత్రి భోజనం చాలా షిప్పుల్లో రెండు విడతలు, ఐదున్నర ఆరు మధ్య ఒకటి, ఎనిమిది ఎనిమిదిన్నర మధ్య ఇంకోటి. బుక్ చేసేటప్పుడే మొదటి విడత అడగండి, అది త్వరగా నిండిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, డైనింగ్ రూమ్‌లో కోర్సు తర్వాత కోర్సు తెస్తారు, గంటన్నర పడుతుంది, ఇంజెక్షన్ ముందే చేసుకుని కూర్చుంటే అసలు భోజనం వచ్చేసరికి షుగర్ పడిపోవచ్చు, అందుకని కూర్చోగానే వెయిటర్‌కి డయాబెటిక్ అని చెప్పి ఆవిడ ప్లేటు ముందు తెమ్మనండి, ఇంజెక్షన్ ఎప్పుడు చేసుకోవాలో మీ డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. క్యాబిన్‌లో ఉండే చిన్న ఫ్రిజ్ చాలాసార్లు సరిగ్గా చల్లబడదు, ఇన్సులిన్ కోసం మెడికల్ ఫ్రిజ్, వాడిన సూదులు వేసే డబ్బా కావాలని కంపెనీకి ముందే రాస్తే ఎక్కేసరికి క్యాబిన్‌లో పెట్టి ఉంచుతారు. ఇన్సులిన్ మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోండి, రేవులో ఇచ్చిన పెద్ద పెట్టెలు క్యాబిన్‌కి వచ్చేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుతుంది.