సైకాలజీలో చేరతానంటున్న మా చెల్లెలి కూతురికి

బుజ్జీ,

సైకాలజీ తీసుకోవాలా వద్దా అని మొన్న ఫోన్లో నువ్వడిగితే ఏదో చెప్పి పెట్టేశాను గానీ, తర్వాత మనసు ఊరుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ నాన్న "మనసులు చదివే చదువూ ఒక చదువేనా" అన్నాడట కదా. అతన్ని తప్పు పట్టను. 1981లో నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.లో చేరినప్పుడు మా డిపార్ట్‌మెంటు పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. కోనేరు రామకృష్ణారావు గారు 1967లో పెట్టిన విభాగం అది. పారాసైకాలజీ అంటే టెలిపతీ లాంటి అతీంద్రియ సంగతుల మీద పరిశోధన. ఆ రెండో మాట పుణ్యమా అని మన ఊళ్ళో నాకు దయ్యాల చదువు చదువుతోందని పేరొచ్చింది. సంక్రాంతి సెలవులకి వస్తే ఒకావిడ కోడల్ని వెంటబెట్టుకొచ్చి తాయెత్తు కట్టమంది.

ముందే చెబుతున్నాను, ఎదుటివాళ్ళ మనసు చదవడం ఏ కాలేజీలోనూ నేర్పరు. మనుషుల గురించి నువ్వు వేసుకున్న అంచనా ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నేర్పుతారు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రెండు సంగతులు చెబుతాను విను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను నీకు కథ, మాకు కాదు. తెల్లారి చూస్తే మన తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు గాలి కాస్త జోరందుకుంటే చాలు, మీ తాతయ్య అర్ధరాత్రి లేచి పశువుల పాకలోకి వెళ్ళేవారు. అప్పటికి నేను బీఈడీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. చేతిలో పుస్తకం ఉంది, ఇంకేం, పీటీఎస్‌డీ, అంటే పెద్ద ఆపద తర్వాత మనసులో మిగిలిపోయే భయం జబ్బు, అని పేరు పెట్టేశాను. ఒకరోజు "భయమేస్తోందా నాన్నా" అనడిగితే, "భయమేంటే, పాక తలుపు గడియ వదులైపోయి కొట్టుకుంటోంది" అన్నారు. సిగ్గేసింది. వడ్రంగిని పిలిచి గడియ మార్పించాను. మళ్ళీ గాలొచ్చింది. తలుపు కొట్టుకోలేదు. ఆయన లేచారు.

అయితే నా మాటే నిజమైందని అనుకుంటున్నావా? ఏమో. పెద్దవయసులో రాత్రిపూట ఎలాగూ మెలకువ వస్తుంది. గాలి లేని రాత్రుల్లో ఆయన లేస్తున్నారా లేదా అన్నది నేనెప్పుడూ రాసిపెట్టలేదు. రాసుంటే పోల్చి చూసేదాన్ని. ప్రయోగంలో ఇలా పోల్చుకోవడానికి పెట్టుకునేదాన్ని కంట్రోల్ అంటారు, ఆ మాట మొదటి సెమిస్టర్లోనే వింటావు. విన్నప్పుడు మీ తాతయ్యనీ ఆ గడియనీ గుర్తు తెచ్చుకో.

రెండోది చెప్పడానికి నాకిష్టం లేదు. మా వీధిలో నాలుగేళ్ళ పిల్లాడు, వాళ్ళమ్మ పనికి కువైట్ వెళ్ళింది, అమ్మమ్మ పెంచుతోంది. పిలిస్తే పలకడు, మాటలు సరిగ్గా రాలేదు. "తల్లి మీద బెంగండీ, కాస్త ముద్దుగా చూసుకోండి, అవే వస్తాయి" అని సలహా ఇచ్చాను. కథ అంత చక్కగా అతికింది మరి. ఏడాది తర్వాత కాకినాడలో చెవులు పరీక్ష చేస్తే వినికిడి తక్కువని తేలింది. మాటలు ఆలస్యమైన పిల్లలకి ముందు వినికిడి చూడాలన్నది ఈ రంగంలో ఓనమాలు. ఆ ఏడాది నా వల్లే పోయింది. ఆ అమ్మమ్మ ఇప్పటికీ కనబడితే నవ్వుతూ పలకరిస్తుంది, నాకే తల దించుకోవాలనిపిస్తుంది.

అందుకని నీకు నేను చెప్పే పని ఒక్కటే. ఒక నోటుబుక్కు పెట్టుకో. ఎవరి గురించైనా "వీడు ఇందుకే ఇలా చేస్తున్నాడు" అనిపిస్తే తారీఖు వేసి రాయి. తర్వాత నిజం తెలిస్తే పక్కన రాయి. పేర్లు మాత్రం రాయకు. మన లంక ఊళ్ళలో ఒక మాట ఈ రేవులో అంటే ఆ రేవులో వినబడుతుంది.

లెక్కలు తప్పించుకోవచ్చని సైకాలజీ తీసుకునేవాళ్ళు కొందరుంటారు. పాపం, రెండో ఏడాదికి స్టాటిస్టిక్స్ దగ్గర కూలబడతారు. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టి-టెస్టు, వీటినుంచి తప్పించుకోలేవు. కానీ భయపడేంత లేదు. పులస దొరికే రోజుల్లోనే మన ఊళ్ళలో జ్వరాలూ ఎక్కువ. పులస తిన్నందుకే జ్వరమొచ్చిందని ఎవరైనా అంటే మీ నాన్న ఊరుకుంటాడా? రెండూ వానలూ వరదా వచ్చే కాలానివే. సహసంబంధం (రెండూ కలిసి పెరగడం, తగ్గడం) వేరు, కారణం వేరు అన్న పాఠం సగం నీకు వచ్చేసినట్టే. నువ్వు బైపీసీ కాబట్టి నాడీకణాలూ మెదడూ కూడా కొత్తగా ఉండవు.

ప్రాక్టికల్స్ రికార్డు పక్కవాళ్ళది చూసి దింపకు. స్ట్రూప్ ప్రయోగం ఇంట్లోనే చేసుకోవచ్చు: "ఎరుపు" అన్న మాట ఆకుపచ్చ సిరాతో, "నీలం" అన్నది పసుపుతో, అలా ఇరవై మాటలు రాసి, చదవకుండా సిరా రంగులు మాత్రమే గబగబా చెప్పమను. మీ నాన్న తడబడతాడు. అక్షరం రాని మీ నాయనమ్మ టకటకా చెప్పేస్తుంది, ఎందుకో నువ్వే ఆలోచించు.

ప్రశ్న అడగడం కూడా ఒక విద్యే. 1974లో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. "తగిలినప్పుడు" అని అర్థమొచ్చే మాట వాడితే సగటున గంటకి 31.8 మైళ్ళన్నారు, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అంటే 40 దాటించారు. ఇక మనవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? "సంతోషంగా ఉన్నారా" అని ఫారం పట్టుకెళ్తే "ఆయ్, బాగానే ఉన్నామండి" అంటారు, అయిపోయింది నీ సర్వే. డిప్రెషన్ అన్న మాట వాళ్ళ నోట రాదు. గుండెలో దడ, ఒళ్ళంతా మంటలు, నరాల నీరసం, ఏం తోచట్లేదు అంటారు. ఇంగ్లిష్ పుస్తకం చదివేటప్పుడే ఈ మాటలు పక్కన రాసుకుంటూ ఉండు, తర్వాత నీకు కూడు పెట్టేవి ఇవే.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా. ఉత్త డిగ్రీతో ఎవరూ సైకాలజిస్టు అయిపోరు. మందులు రాసేది ఎంబీబీఎస్ మీద సైకియాట్రీ చేసిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ స్థాయి చదువు, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి. ఆ కోర్సుల నిబంధనలు మారుతూనే ఉన్నాయి, ఏటా ఆర్‌సీఐ వెబ్‌సైటులోనే చూసుకో. దూరవిద్యలో సైకాలజీ సీటిప్పిస్తానని ఎవడైనా వస్తే డబ్బు కట్టకండి, 2025 నుంచి యూజీసీ దాన్ని ఆపేసింది. క్లినికల్ వద్దనుకుంటే స్కూళ్ళున్నాయి, కంపెనీల హెచ్ఆర్ ఉంది, నాలాగ బీఈడీ కాలేజీలున్నాయి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే మీద టెట్‌కి బిట్లు బట్టీపట్టే పిల్లలకి ఆయన నిజంగా ఏం చేశాడో చెప్పేవాళ్ళు కావాలి.

అబ్నార్మల్ సైకాలజీ మొదలుపెట్టాక పుస్తకంలోని జబ్బులన్నీ నీకే ఉన్నట్టుంటుంది. మాకందరికీ అయింది, టెన్షన్ పడకు. దానికంటే బరువైనది ఇంకోటుంది. నువ్వు సైకాలజీ అని తెలియగానే హాస్టల్లో స్నేహితులు రాత్రిళ్ళు కష్టాలు చెప్పుకుంటారు. విను. కానీ ఎవరైనా చచ్చిపోవాలనుంది అంటే ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకు, నువ్వే వైద్యం మొదలుపెట్టకు. దగ్గర కూర్చుని టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయించు, లెక్చరర్‌కి చెప్పు.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి ఇటు రా. ఆ కాలేజీకి ఇద్దరం వెళదాం. సైకాలజీకి సొంత లెక్చరర్ ఉన్నారో, వేరే సబ్జెక్టువాళ్ళతో నడిపిస్తున్నారో అడుగుదాం. ల్యాబ్ తలుపు తీయించి, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పెట్టె ఎక్కడుందో చూపించమందాం. దాని మీద దుమ్ము ఎంతుందో చూసి ఆప్షన్ సంగతి తేలుద్దాం.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ