నేపాల్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నేపాల్ మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. పదేళ్ల యుద్ధం, రాజరికం పోవడం, శాంతి ఒప్పందం, ఐక్యరాజ్యసమితి (ఐరాస) వచ్చి వెళ్లడం, ఇంత పెద్ద విషయాన్ని ఈ వయసులో తలకెత్తుకున్నందుకు చాలా సంతోషం. పొరుగు దేశాల గురించి మన భాషలో రాసేవాళ్లు తక్కువ. అందుకే ఇది మరింత బాగా రావాలని నాకు ఆశ. పత్రికకు పంపేముందు కొన్నాళ్లు ఆగు.

అంతర్జాతీయ సమాజం ఆందోళన చెందింది, ఒత్తిడి తెచ్చింది, సహకరించింది అని పేరా పేరాకీ రాశావు. అంతా చదివాక కూడా ఎవరు వచ్చారో, ఏ గేటు దగ్గర నిలబడ్డారో, లోపలివాళ్లు ఎందుకు తలుపు తీశారో నాకు తెలియలేదు. ఆ సంగతులు లేకపోతే పాఠకుడికి బయటి సాయం దేవుడి దయలాగానో, పెద్ద దేశాల పెత్తనంలాగానో కనబడుతుంది. నేపాల్‌లో జరిగింది ఆ రెండూ కాదు.

నీ వ్యాసం ఐరాస మానవ హక్కుల వ్యవస్థ ఉన్న జెనీవాలో మొదలైంది. దాన్ని నేపాల్ పల్లెల్లో మొదలుపెట్టు. 1996 ఫిబ్రవరిలో మావోయిస్టుల తిరుగుబాటు మొదలైంది. 2001 నవంబరులో ఎమర్జెన్సీ పెట్టి సైన్యాన్ని దించారు. ఆ తర్వాత మనుషులు మాయం కావడం మొదలైంది. రాత్రి జీపు వస్తుంది, మనిషిని ఎక్కించుకుపోతుంది, బ్యారక్‌కి వెళ్లి అడిగితే అలాంటివాడెవడూ మా దగ్గర లేడంటారు. ఇలా మాయమైనవాళ్ల కేసులు చూసే ఐరాస నిపుణుల బృందానికి 2003, 2004 సంవత్సరాల్లో ప్రపంచం మొత్తమ్మీద ఎక్కువ కొత్త ఫిర్యాదులు వెళ్లింది నేపాల్ నుంచే. ఈ వాక్యం నీ వ్యాసంలో ఉంది. కానీ ఆ ఫిర్యాదులు పంపింది ఎవరో లేదు. ఇన్సెక్ అనే మానవ హక్కుల సంస్థ జిల్లా ప్రతినిధులు, అడ్వకసీ ఫోరం అనే మరో హక్కుల సంస్థ లాయర్లు, విద్యార్థి సంఘాలవాళ్లు, అన్నిటికన్నా ముందు ఆ ఇళ్లవాళ్లు. పట్టుకుపోయిన తేదీ, వచ్చినవాళ్ల యూనిఫాం, చూసినవాళ్ల పేర్లు, ఇవన్నీ ఎవరో ఒకరు భయపడుతూనే కాగితం మీద రాసుకుంటే కదా జెనీవాకి ఏదైనా చేరేది. నీ కథలో మొదట రావలసింది వాళ్లు.

దోరంబా సంగతి తప్పకుండా చేర్చు. 2003 ఆగస్టులో, ప్రభుత్వానికీ మావోయిస్టులకూ చర్చలు నడుస్తున్న రోజుల్లోనే, రామెఛాప్ జిల్లాలోని ఆ ఊళ్లో సైన్యం 19 మందిని చంపింది. కాల్పులు జరిగాయని సైన్యం చెప్పింది. నేపాల్ జాతీయ మానవ హక్కుల కమిషన్ ఒక మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆధ్వర్యంలో బృందాన్ని పంపింది. పట్టుకున్న తర్వాత కాల్చి చంపారని ఆ బృందం తేల్చింది. ఇది చదివే తెలుగువాడికి వివరించి చెప్పాల్సిన పని లేదు. 1977లో తార్కుండే కమిటీ మన ఎన్‌కౌంటర్ల మీద విచారణ చేసిన నాటి నుంచి నిజనిర్ధారణ అంటే ఏమిటో మనకి తెలుసు. కాల్పుల కథ ఒకటే, కొండలు వేరు. నేపాలీలు తమ పని తాము చేస్తూ ఉన్నారని, బయటివాళ్లు వచ్చాకే కళ్లు తెరవలేదని చెప్పడానికి దీనికి మించిన సాక్ష్యం నీకు దొరకదు.

తర్వాత 2005కి రా. ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారం మొత్తం చేతిలోకి తీసుకున్నాడు. ఫోన్లు ఆగిపోయాయి, నాయకుల్ని నిర్బంధించారు, పత్రికాఫీసుల్లో సైనికులు కూర్చున్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఏప్రిల్ 10న అదే రాజు ప్రభుత్వం ఐరాస మానవ హక్కుల హైకమిషనర్ లూయీస్ ఆర్బర్‌తో నేపాల్‌లో ఐరాస మానవ హక్కుల కార్యాలయం పెట్టడానికి ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం దేశంలో ఏ జైలుకైనా, ఏ బ్యారక్‌కైనా ముందుగా చెప్పకుండా ఐరాస అధికారులు వెళ్లవచ్చు. అంత మొండి ప్రభుత్వం ఇంత అధికారం ఎందుకిచ్చింది? నీ వ్యాసంలో "ఒత్తిడికి తలొగ్గి" అన్న రెండు మాటలున్నాయి. ఆ రెండు మాటల్ని రెండు పేజీలు చెయ్యి.

ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. ఇండియా, బ్రిటన్ ఆయుధాల సరఫరా ఆపేశాయి. జెనీవాలో మానవ హక్కుల కమిషన్ సమావేశం నడుస్తోంది, నేపాల్‌ని గట్టిగా తప్పుపట్టే తీర్మానానికి కొన్ని యూరప్ దేశాలు సిద్ధమవుతున్నాయి. కార్యాలయానికి ఒప్పుకుంటే ఆ తీర్మానం మెత్తబడుతుంది. వీటన్నిటికీ తోడు నేపాల్ సైన్యానికి ఒక సొంత భయం ఉంది. ఐరాస శాంతిపరిరక్షక దళాలకు ఎక్కువమందిని పంపే దేశాల్లో నేపాల్ ఒకటి. విదేశాల్లో ఆ డ్యూటీ చేసిన సైనికుడికి వచ్చే డబ్బుతో ఇల్లు లేస్తుంది, సైన్యం సంక్షేమ నిధికీ అందులోంచి వాటా వెళ్తుంది, అధికారులకు అదొక గౌరవం. దేశంలో మనుషుల్ని మాయం చేసే సైన్యానికి ఐరాస దళాల నీలి టోపీ ఎలా ఇస్తారన్న ప్రశ్న లేస్తే అదంతా పోతుంది. ఎవరికి పోగొట్టుకోవడానికి ఏముందో వెతుకు. ఇది నేపాల్‌కే కాదు, రేపు నువ్వు ఏ దేశం గురించి రాసినా పనికొస్తుంది. ఖండనలు ఎన్ని వెలువడ్డాయో లెక్కపెడితే ఏమీ తెలియదు.

కార్యాలయం పెట్టాక దానికి అధిపతిగా వచ్చినవాడు ఇయాన్ మార్టిన్, అంతకుముందు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ హక్కుల సంస్థకి సెక్రటరీ జనరల్‌గా చేసినవాడు. ఖాట్మండులోనే కాక బిరాట్‌నగర్, నేపాల్‌గంజ్, పోఖరాల్లో కూడా ఆఫీసులు పెట్టారు. ఆ ఏడాది జూన్‌లో చిత్వన్ జిల్లా మాడీ దగ్గర మావోయిస్టులు బస్సు కింద బాంబు పేల్చారు. 35 మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ మామూలు ప్రయాణికులు. కొత్తగా వచ్చిన ఐరాస బృందం దాని మీదా విచారణ చేసింది. 2006 మే నెలలో ఇచ్చిన నివేదికలో ఖాట్మండు నడిబొడ్డున, మహారాజ్‌గంజ్ బ్యారక్‌లో భైరవనాథ్ బెటాలియన్ 2003లో నెలల తరబడి కళ్లకు గంతలు కట్టి ఉంచిన ఖైదీల గురించి చెప్పింది. వాళ్లలో 49 మంది ఏమయ్యారో తెలియదు. ఆ నివేదికకు ఆధారం ఎవరనుకున్నావు? అక్కడ నుంచి బతికి బయటపడ్డవాళ్లు. వాళ్లు నోరు విప్పడానికి ధైర్యం వచ్చిందంటే, చెప్పిన మర్నాడు తమను వెతుక్కుంటూ వచ్చి పలకరించే మనిషి ఒకరున్నారన్న నమ్మకం వల్లే. కార్యాలయం తెరిచాక కొత్తగా మాయం చేయడాలు బాగా తగ్గాయి. బయటి సాయం చేయగలిగిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

రెండో పక్షం గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. తమ్ముడూ, అది తగదు. 2002 జనవరిలో లమ్‌జుంగ్ జిల్లాలో ఒక హెడ్‌మాస్టర్‌ని మావోయిస్టులు బడి నుంచి లాక్కెళ్లి, చెట్టుకు కట్టి చంపారు. ఆయన ఆమ్నెస్టీ సభ్యుడు కూడా. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. హక్కుల గురించి మాట్లాడేవాళ్లు తిరుగుబాటుదారుల హింస గురించి ఏమనాలన్నది మన దగ్గరా తెగని చర్చ. హక్కుల నాయకుడు బాలగోపాల్ ఆ ప్రశ్న లేవనెత్తి, పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చిన తర్వాతే 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. రాజ్యం చేసిన హత్యలు ఎక్కువే, దాని బాధ్యతా ఎక్కువే, అది స్పష్టంగా రాయి. కానీ ఆ హెడ్‌మాస్టర్ ఇంటివాళ్లు నీ వ్యాసం చదివితే తమ మనిషి అందులో కనబడాలి.

ఇక సాయం ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలి. 2004 ఫిబ్రవరిలో కాభ్రే జిల్లాలో 15 ఏళ్ల అమ్మాయిని సైనికులు ఇంటి నుంచి తీసుకెళ్లారు. పాంచ్‌ఖాల్ బ్యారక్‌లో చిత్రహింసలు పెట్టడంతో ఆ బిడ్డ చనిపోయింది. అక్కడే పాతిపెట్టారు. ఆ బ్యారక్ సైనికుల్ని శాంతిపరిరక్షణకు పంపేముందు శిక్షణ ఇచ్చే కేంద్రం. సైనిక కోర్టు 2005లో ముగ్గురు అధికారులకు నామమాత్రపు శిక్ష వేసింది, అది కూడా నిబంధనలు పాటించలేదన్న తప్పు మీద. తల్లి ఊరుకోలేదు. పోలీసుల దగ్గరికి, కోర్టులకు, విదేశీ రాయబారుల దగ్గరికి తిరిగింది. జిల్లా కోర్టు అరెస్టు వారంట్లు ఇచ్చింది. 2009 డిసెంబరులో చూస్తే, నిందితుల్లో ఒక మేజర్ ఆఫ్రికాలోని చాద్‌లో ఐరాస దళంలో పనిచేస్తున్నాడు! విషయం బయటపడ్డాక ఐరాస అతన్ని వెనక్కి పంపేసింది. ఖాట్మండులో దిగాక సైన్యం అతన్ని పోలీసులకు అప్పగించలేదు. 2017లో జిల్లా కోర్టు ముగ్గురు మాజీ సైనికాధికారులను హత్య కేసులో దోషులుగా తేల్చింది, వాళ్లెవరూ కోర్టులో లేనప్పుడే. ఆ మేజర్‌ని నిర్దోషి అంది.

ఈ ఒక్క కేసు చుట్టూ నీ వ్యాసం మొత్తం కట్టుకోవచ్చు. ఐరాస ఇందులో సాయపడింది, ఐరాసే నిందితుడికి నీలి టోపీ పెట్టింది కూడా. రెండూ నిజం. ఏ ఒక్కటి వదిలేసినా మిగిలింది ప్రచారం అవుతుంది. విదేశీ కోర్టులు కూడా ప్రయత్నించాయి. 2013లో బ్రిటన్‌లో ఒక నేపాల్ కల్నల్‌ని చిత్రహింసల ఆరోపణ మీద అరెస్టు చేసి లండన్‌లో విచారించారు, 2016లో కేసు వీగిపోయింది. అది ఒక వాక్యంలో చెబితే చాలు.

బర్దియా గురించి మాత్రం తొందరపడకు. నేపాల్‌లో ఎక్కువమంది మాయమైన జిల్లా అది. వాళ్లలో అత్యధికులు థారూ ఆదివాసులు, సొంత భూమి లేక జమీందార్ల దగ్గర వెట్టి చేసిన కుటుంబాలవాళ్లు. 2008 డిసెంబరులో ఐరాస కార్యాలయం ఆ జిల్లా మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. మాయమైన మనిషి భార్య పరిస్థితి ఆలోచించు. బొట్టు ఉంచుకుంటే అత్తింటివాళ్లు ఒకలా చూస్తారు, తీసేస్తే మొగుడిని చేతులారా చంపినట్టు. చావు సర్టిఫికెట్ లేక పొలం పేరు మారదు. యుద్ధబాధితులకు ప్రభుత్వం మధ్యంతర సాయం ఇచ్చింది గాని, చిత్రహింసలు పడ్డవాళ్లనీ అత్యాచారానికి గురైన ఆడవాళ్లనీ ఆ జాబితాలో చేర్చలేదు. రాజధానిలో లాయర్లు, విదేశీ నిపుణులు శిక్షల గురించి మాట్లాడుతుంటే, ఊళ్లలో చాలామంది ఆడవాళ్లు ముందు మనిషి ఉన్నాడో లేడో చెప్పండి అన్నారు, పిల్లల చదువుకి దారి చూపించండి అన్నారు. శిక్షలు వద్దని వాళ్లనలేదు. వరస వేరు. ఆ వరసని బయటినుంచి వచ్చినవాళ్లు ఎప్పుడూ సరిగ్గా వినలేదన్నది నా అభిప్రాయం.

విన్న సందర్భం ఒకటుంది, అదీ రాయి. ధనుషా జిల్లాలో 2003 అక్టోబరులో పట్టుకుపోయిన ఐదుగురు కుర్రవాళ్లను గోదార్ అనే చోట నది ఒడ్డున పాతిపెట్టారని తెలిసి, 2010లో తవ్వకం మొదలుపెట్టారు. నేపాల్ మానవ హక్కుల కమిషన్ నడిపిన ఆ పనికి ఫిన్లాండ్ ఫోరెన్సిక్ నిపుణులు వచ్చి సాయం చేశారు. చివరికి 2014లో అవశేషాలు కుటుంబాలకు అందాయి. అంత్యక్రియలు చేసుకోగలిగారు. ఎముక ఎవరిదో తేల్చే శాస్త్రం దేశంలో సరిపడా లేనప్పుడు అది తెచ్చిపెట్టడం ఎంత పెద్ద సాయమో, ఏ ప్రకటనా అక్కర్లేకుండా అర్థమవుతుంది.

2011 డిసెంబరులో కార్యాలయం మూతపడింది. మా సంస్థలు మాకున్నాయి, ఇక అవసరం లేదని ప్రభుత్వం గడువు పొడిగించలేదు. వెళ్లిపోయాక 2012లో ఐరాస ఒక పెద్ద నివేదిక, దాంతోపాటు దాదాపు 30 వేల పత్రాల భాండాగారం బయటపెట్టింది. నీ వ్యాసం ఇక్కడ ముగిసిపోయింది. నిజానికి ఇక్కడి నుంచి పన్నెండేళ్లకు పైగా కథ ఉంది. 2015లో సత్యనిరూపణ, సయోధ్య కమిషన్ ఏర్పడింది, మాయమైనవాళ్ల కోసం ఇంకో కమిషన్ ఏర్పడింది. మొదటిదానికి 60 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి, రెండోదానికి 3 వేలకు పైగా. ఘోర నేరాలకు క్షమాభిక్ష పెట్టే వీలున్న చట్టాన్ని నేపాల్ సుప్రీంకోర్టు 2015 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. అదే కారణంతో ఐరాస కూడా ఆ కమిషన్లకు సాయం చేయనంది. ఆ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను. అయినా దానివల్ల ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఏళ్లు గడిచిపోయాయన్నదీ రాయాలి. చట్టాన్ని సవరించేసరికి 2024 ఆగస్టు వచ్చింది.

ఇంకో మాట. హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనుల్లో ఉన్న నేపాలీ కుటుంబాలతో మాట్లాడతానన్నావు. మాట్లాడు. యుద్ధం రోజుల్లో ఊరు వదిలి ఇండియాకి వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కానీ మొదటి రోజే చనిపోయినవాళ్ల గురించి అడగొద్దు. ఏ పక్షం వేధించిందో చెప్పమని ఒత్తిడి చేయొద్దు, ఊళ్లో ఆ రెండు పక్షాలవాళ్లూ ఇంకా ఉంటారు. పేర్లు మార్చు, ఊరు పేరు కూడా తీసెయ్. రాసింది హిందీలోనో నేపాలీలోనో వాళ్లకి చదివి వినిపించి, వద్దన్నది కొట్టెయ్.

ముందు కాభ్రే కేసు, బర్దియా భాగం రాసి పంపు. ఐరాస నివేదికల్లోంచి తీసుకున్న ప్రతి సంఖ్య పక్కన పేజీ నంబరు వెయ్యి, నేను సరిచూస్తాను. చివరి పేరాలో ప్రపంచ శాంతి గురించి రాసినదంతా తీసేసి, 2024 సవరణ చట్టం మీద బాధితుల సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాలు ఏమిటో కనుక్కుని అక్కడ పెట్టు.

ఉంటాను,
నీ అన్న