గెడ్డ పక్క సర్వే నంబరు గురించి సుజాతకు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చి.ల.సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పినదంతా విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదమ్మా. మీ మధురవాడ కాలనీ వెనక, వాననీళ్లు పారే గెడ్డను ఆనుకుని ఉన్న ఖాళీ భూమిని మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్‌గా మారుస్తామని పేపర్లో ప్రకటన పడిందన్నావు. అసోసియేషన్ వాళ్లు ధర్నా చేద్దామంటున్నారనీ, కొత్తగా సెక్రటరీవి అయ్యావు కాబట్టి నిన్నే ముందు నిలబడమంటున్నారనీ అన్నావు. ధర్నా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పేపరు కటింగ్ జాగ్రత్తగా దాచు. ప్రకటన ఏ తేదీన వచ్చిందో, అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఎన్ని రోజులిచ్చారో అందులోనే ఉంటుంది. మామూలుగా 15 రోజులు ఇస్తారు. ఇవాళ్టికి ఎన్ని గడిచాయో లెక్క పెట్టుకుని క్యాలెండర్ మీద సున్నా చుట్టు.

ఇంత తొందర పెడుతున్నది ఎందుకంటే, మన పద్ధతిలో జనం మాట అడిగే సందర్భాలు చాలా తక్కువ. కొన్ని దేశాల్లో ఊరికో ప్లానింగ్ బోర్డు ఉంటుంది. ఎవరు ఏం కట్టాలన్నా ఇరుగుపొరుగును పిలిచి, అందరి ముందూ వాదనలు విని తేలుస్తుంది. మన దగ్గర అపార్ట్‌మెంట్ కట్టాలంటే యజమాని తరఫున లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్, అదే ఎల్‌టీపీ అంటామే, ఆయన డ్రాయింగులు ఆన్‌లైన్లో పెడతాడు. కాగితాలూ కొలతలూ రూల్స్‌కి సరిపోతే అనుమతి వచ్చేస్తుంది. పక్కింటివాళ్లను అడగాలన్న నిబంధన ఎక్కడా లేదు. పక్కింటివాళ్లకి తెలిసేది జేసీబీ వచ్చిన రోజున. ఆ రోజు రోడ్డు మీద కూర్చుంటే పోలీసులు వస్తారు, అనుమతి కాగితం చూపిస్తారు, అక్కడితో సరి.

అందుకే అడిగిన సందర్భాన్ని వదులుకోకూడదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టినప్పుడు అడుగుతారు. 2021లో మన విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ 2041 వరకూ మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టి అభ్యంతరాలు పిలిచింది. అప్పుడు మీ కాలనీలో ఒక్కరైనా ఆ మ్యాపు తెరిచి చూశారా? నేనూ నీకు చెప్పలేదు, ఆ తప్పు నాది. ఆ తర్వాత ఒక భూమి వినియోగం మార్చాలనుకున్నప్పుడు, ఇప్పుడు మీకు వచ్చినట్టు, ప్రకటన ఇచ్చి అడుగుతారు. పెద్ద పరిశ్రమలకైతే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతికి ముందు కలెక్టర్ ఆధ్వర్యంలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. 20,000 చదరపు మీటర్లు దాటిన భవనాలకి కూడా పర్యావరణ అనుమతి కావాలి గానీ, మామూలు నిర్మాణాలకి ఆ సభ పెట్టరు.

జోన్ మారడమంటే కాగితం మీద రంగు మారడమేగా అని మీవాళ్లు కొందరు అన్నారట. ఆ రంగు మారిందంటే రేపు లేఅవుట్ ఫైలు వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకై మనుషులు రోడ్ల మీద పడిపోయినప్పుడు ఊరంతా ఒకే మాట అడిగింది, ఫ్యాక్టరీ గోడ దాకా ఇళ్లెలా వచ్చాయని. ఒక్క ఏడాదిలో వచ్చినవి కావవి. కొన్ని దశాబ్దాల పాటు ఒక్కో ఇల్లు చొప్పున వచ్చాయి. ప్రతి ఇల్లూ విడిగా చూస్తే చిన్నదే.

ఇప్పుడు ఆఫీసులో ఫైలు ఎలా చదువుతారో చెబుతాను. అది తెలిస్తే ఏం రాయాలో నీకే తెలుస్తుంది. మొట్టమొదట చూసేది ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందని. రెండోది రోడ్డు. ఎంత ఎత్తుకి, ఎన్ని అంతస్తులకి వీలవుతుందన్నది సైటు ముందు రోడ్డు వెడల్పుని బట్టే ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు చేయాలని గీత ఉంటే అంత మేర స్థలం వదలాలి. తర్వాత హక్కు కాగితాలు. భూమి రిజిస్ట్రేషన్లు చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ప్రభుత్వ భూమా, పోరంబోకు ఏమైనా కలిసిందా అని. ఎత్తైన భవనమైతే అభ్యంతరం లేదని ఫైర్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడ నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగ ఉంది కాబట్టి ఎత్తుకి నేవీ ఎన్‌ఓసీ. సముద్రం వైపు, అంటే సాగర్‌నగర్, ఋషికొండ, భీమిలి రోడ్డు అయితే సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ జోన్ నిబంధనలు. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా వాటిని చూడాలి. మీకది వర్తించదు.

మీకు వర్తించేది నీళ్ల సంగతి. 2017 బిల్డింగ్ రూల్స్‌లో స్పష్టంగా ఉంది. 10 హెక్టార్లకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పున్న గెడ్డ, వాగు, కాలువ ఏదైనా దాని హద్దు నుంచి 9 మీటర్ల లోపు కట్టడం రాకూడదు. హద్దు అన్న మాట దగ్గర ఆగు. అసలు తగాదా అంతా అక్కడే ఉంది.

ఇది నేను చదివి చెబుతున్నది కాదమ్మా. టౌన్ ప్లానింగ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, మన జిల్లా అవతల ఒక చిన్న ఊళ్లో ఉన్నప్పుడు, ఒక లేఅవుట్ ఫైలు నా దగ్గరకి వచ్చింది. ఫిబ్రవరి నెల. సైటుకి వెళ్లాను. ఒక పక్కన గెడ్డ ఉందని కాగితంలో ఉంది, నేల మీద చూస్తే తుప్పలు మొలిచిన చిన్న గుంట. టేపు పెడితే రెండు మీటర్లు. రెండు మీటర్లని రాసి, దానికి తగ్గట్టు ఖాళీ వదిలించి సంతకం పెట్టాను. రెవెన్యూ వాళ్ల ఎఫ్ఎంబీలో, అంటే సర్వే నంబర్ల కొలతల పుస్తకంలో, ఆ గెడ్డకి రెండు హద్దు గీతలున్నాయి. వాటి మధ్య కొలత చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి గట్లు జరుపుకుంటూ వచ్చారని, రికార్డులో గెడ్డ అంతకు ఆరు రెట్లుందని నాకు తెలిసింది నాలుగేళ్లకి. అక్టోబర్‌లో వాయుగుండం పట్టి రెండు రోజులు కురిసింది. మూడో రోజు తనిఖీకి నన్నే పంపారు. ఒక ఇంట్లో గోడ మీద బురద గీత నా నడుం దాకా ఉంది. వరండాలో తాడు కట్టి ఇంటి దస్తావేజుల్ని బట్టల్లాగా క్లిప్పులు పెట్టి ఆరేశారు. వాటిలో లేఅవుట్ అమ్మోనియా ప్రింటు కూడా ఉంది. కింద మూలన నా సంతకం, సిరా పాకి అలుక్కుపోయి ఉంది. ఆ ఇల్లాలికి అది నాదని తెలియదు. తడి కుర్చీ తుడిచి కూర్చోమని, స్టీలు గ్లాసుతో టీ ఇచ్చింది. ఆ టీ తాగడం ఎంత కష్టమైందో నీకు చెప్పలేను.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని ఎఫ్ఎంబీ నకలు తీయించడం. మీ సచివాలయంలో వార్డు ప్లానింగ్ సెక్రటరీని కలువు, ఏ సర్వే నంబర్ల మీదుగా గెడ్డ వెళ్తోందో ఆ అమ్మాయో అబ్బాయో చెప్పగలరు. నకలు తహశీల్దార్ ఆఫీసు నుంచి రావాలి. ఆలస్యం చేస్తున్నారనిపిస్తే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. దానికి 30 రోజులు పడుతుంది, నీ గడువు లోపల రాదు. అయినా పెట్టు, లేఅవుట్ దశలో పనికొస్తుంది. రెండోది, సిరిపురంలో వీఎంఆర్‌డీఏ ఆఫీసుకి వెళ్లి మార్పు ప్రతిపాదించిన మ్యాపు చూపించమని అడుగు. ప్రకటన ఇచ్చాక ఆఫీసు వేళల్లో ఎవరైనా చూడొచ్చు. మార్చబోయే భూమి హద్దు గెడ్డ మధ్యలోకి వస్తోందా, అంచు దాకానా, దూరంగా ఉందా అన్నది కళ్లతో చూసి నోట్ చేసుకో.

ఇక అర్జీ. మొన్న మీవాళ్లు రాసిన చిత్తు చదివి వినిపించావు కదా, మూడు పేజీలు. అందులో గాలి ఆగిపోతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, కాలనీ పరువు పోతుంది, బిల్డర్లు దోచుకుంటున్నారు, అన్నీ ఉన్నాయి. అవన్నీ తీసేయ్. నీ కిటికీకి గాలి ఆగిపోతుందన్నది అభ్యంతరంగా నిలబడదు. మీరున్న భూమి కూడా ఒకప్పుడు జీడితోటే. పక్కవాడికి తన స్థలంలో కట్టుకునే హక్కుంది, దాన్ని కాదనే మాట మనం అనకూడదు. బిల్డర్ మీద ఆరోపణలు చేస్తే ఆఫీసులో అర్జీని తగాదాల కింద పక్కన పెడతారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని, ఏ అర్జీ దగ్గర చెయ్యి ఆగుతుందో నాకు తెలుసు. ప్రకటన నంబరు, తేదీ, గ్రామం, సర్వే నంబరు మొదటి నాలుగు లైన్లలో ఉన్న అర్జీ దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత ఒక్కటే విషయం: ఈ సర్వే నంబరు గుండా కంబాలకొండ వైపు నుంచి వచ్చే వాననీరు సముద్రానికి పోతోంది, ఎఫ్ఎంబీ ప్రకారం గెడ్డ వెడల్పు ఇంత, ఫలానా వానకి నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయి, ఫొటోలు జతపరిచాం. చివర మీరు కోరేది: రెవెన్యూ, ఇరిగేషన్ శాఖలతో ఉమ్మడిగా గెడ్డ హద్దు కొలిపించాలి, ఆ హద్దునీ దాని పక్క 9 మీటర్లనీ నివాస జోన్‌లో కలపకూడదు. ఒక పేజీ చాలు. తెలుగులోనే రాయి.

ఫొటోల గురించి ఒక మాట. మీ వాట్సాప్ గ్రూపులో వానాకాలం వీడియోలు ఉండే ఉంటాయి, వెతికించు. నీళ్లు ఏ స్తంభం దాకా, ఎవరి గేటు దాకా వచ్చాయో కనిపించేవి ఏరు. హుద్‌హుద్ నాటివి, అంటే 2014 అక్టోబర్ 12 నాటివి ఉన్నా, అందులో గాలి నష్టమే ఎక్కువ కనిపిస్తుంది, నీ వాదనకి అంతగా పనికిరావు. పెద్దవాళ్లను కూడా అడుగు. మీ కాలనీ మొదట్లో వచ్చిన ఇళ్లవాళ్లకి గెడ్డ ఎక్కడెక్కడ తిరిగేదో గుర్తుంటుంది.

అసోసియేషన్ పేరుతో ఒక అర్జీ, ఇష్టమున్న ఇళ్లవాళ్లు విడివిడిగా కొన్ని ఇవ్వండి. అదే మాట జిరాక్స్ తీసి వందమంది సంతకాలు పెడితే ఒక్క అర్జీగానే లెక్క. ఇచ్చిన ప్రతిదానికీ రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపు, గడువు ఆఖరి రోజు దాకా ఆగకు. ఒక కాపీ మన కార్పొరేషన్ (జీవీఎంసీ) కమిషనర్‌కి, ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇవ్వండి. మీ కార్పొరేటర్‌ని కలిసి చెప్పండి, కానీ ఆయన మీద వదిలేసి ఇంటికి రావద్దు.

అభ్యంతరం పట్టించుకోకుండా జోన్ మార్చేశారే అనుకో. పని అయిపోయిందనుకోకు. తర్వాత లేఅవుట్ ఫైలు వస్తుంది. 2017 లేఅవుట్ రూల్స్ ప్రకారం మొత్తం స్థలంలో 10 శాతం పార్కులకీ ఆటస్థలాలకీ వదలాలి. ఆ ఆకుపచ్చ రంగు ఎక్కడ వేశారో చూడు. నేను చూసిన ఎన్నో ప్లాన్లలో అది హైటెన్షన్ లైను కిందకో, కొండ ఏటవాలుకో, ఇల్లు కట్టడానికి పనికిరాని త్రికోణానికో జరిగేది. గెడ్డ పక్క వదలాల్సిన 9 మీటర్లని కూడా పార్కు లెక్కలో కలిపేస్తారేమో అడుగు. రోడ్లూ పార్కులూ స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ అయ్యాయా, ఆ నకలు అసోసియేషన్ దగ్గర ఉందా అన్నది మరీ ముఖ్యం. గిఫ్ట్ డీడ్ లేని పార్కు పదేళ్లకి ప్లాట్లయిపోవడం నేను కళ్లారా చూశాను. లేఅవుట్ అయ్యాక అపార్ట్‌మెంట్లు కడితే, 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లకు మించినా రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలి. ఇళ్లలో చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా కొంత భాగం కార్పొరేషన్‌కి తనఖాలోనే ఉంటుంది. భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాక్, వదలకపోతే ఫిర్యాదు చేయాల్సింది అప్పుడే, గృహప్రవేశాలు అయ్యాక చేస్తే కష్టం అమాయకులు పడతారు.

ధర్నా సంగతి అడిగావు. అర్జీ ముద్ర వేయించుకుని వచ్చాక మీకు చేయాలనిపిస్తే చేయండి, నేనూ వచ్చి కూర్చుంటాను. ముద్ర లేకుండా మాత్రం వద్దు.

ఆదివారం ఉదయం ఆరింటికల్లా మీ ఇంటికి వస్తాను. ఎండ ఎక్కకముందే గెడ్డ వెంట పైనుంచి కల్వర్టు దాకా నడుద్దాం. ముప్పై మీటర్ల టేపు నా దగ్గర ఉంది. ఎఫ్ఎంబీ నకలు దొరికితే రెండు జిరాక్స్‌లు తీయించి ఉంచు. తుప్పల్లో పాములుంటాయి, చెప్పులొద్దు, బూట్లు వేసుకో. అల్లుడుగారిని కూడా రమ్మను, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

మీ పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న