ముక్కు జాగ్రత్త, వసుధా

చిరంజీవి వసుధకు అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

రుచి, వాసన కణాల మీద పరిశోధనకు చేరబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫిజియాలజీ పాఠాలే చెప్పినదాన్ని, నాకెంత సంతోషమో నీకు వేరే చెప్పాలా! చూపు గురించీ వినికిడి గురించీ వారాల తరబడి చెప్పి, నాలుకనీ ముక్కునీ సిలబస్ చివర్లో ఒక్క గంటలో ముగించేసేవాళ్ల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. మా ఇంటి పిల్ల ఏరికోరి ఆ రెండింటినే పట్టుకుంది. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు. తెల్లవారేసరికి భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. ఏ రోజు చూసింది ఆ రోజే నోట్‌బుక్‌లో రాయి. తేదీ, గాఢత రాసిలేని సీసాని వాడకు. వేళకి తిను. వీటి గురించి ఇంతకంటే చెప్పను.

నా భయమల్లా నీ ముక్కు గురించే. సీసా మూత తీసి వాసన చూసే అలవాటు చిన్నప్పటి నుంచీ నీకుంది, నేను చూశాను. ల్యాబ్‌లో ఆ పని చేశావంటే ఊరుకోను. సీసాలో ఏముందో తెలిసి, దానివల్ల ప్రమాదం లేదని తేలి, బాగా పలచన చేశాక, దూరంగా పట్టుకుని చేత్తో గాలిని నీవైపు కాస్త విసురుకోవాలి. అంతకుమించి వద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతే చూడు. కుళ్లిన గుడ్ల కంపు. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు లేకపోయినా ముక్కు పసిగట్టేస్తుంది. అదే 100 వంతుల దాకా పెరిగిందంటే ముక్కు మొద్దుబారి, ఆ కంపు తెలియడమే మానేస్తుంది. కంపు పోయింది కదా అని అక్కడే నిలబడినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాసన తెలియకపోవడం ఎప్పుడూ క్షేమానికి గుర్తు కాదు.

నాలుక విషయమూ అంతే. 1879లో ఫాల్‌బర్గ్ అనే రసాయనవేత్త చేతులు సరిగ్గా కడుక్కోకుండా భోజనానికి కూర్చోబట్టి, చక్కెరకి బదులు వాడే శాకరిన్ తీపి బయటపడింది. 1937లో స్వేడా పెదాల మధ్య సిగరెట్ తియ్యగా తగలడంతో సైక్లమేట్ దొరికింది. 1965లో ష్లాటర్ కాగితం తీయడానికి వేలు నాకితే ఆస్పర్టేమ్ తెలిసింది. ఈ కథలు నీకు ఎవరో ఒకరు ముచ్చటగా చెబుతారు. అలాగే నాకి ఆస్పత్రి పాలైనవాళ్ల కథలు మాత్రం ఎవరూ చెప్పరు. నీ వేళ్లు నీ నోటికి దూరంగా ఉండాలి తల్లీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు నాకంటే కొత్త సంగతులు చదివే ఉంటావు. అయినా ఒకసారి నా వరసలో విను.

రుచి కణం పుట్టుకతో నాడీకణం కాదు. చర్మం మీది కణాల తరహాలోనే పుట్టి, కొన్నాళ్లు పనిచేసి, రాలిపోయి, తన చోటు ఇంకో కణానికి ఇస్తుంది. ఈ కణాల గుత్తినే రుచిమొగ్గ అంటాం. ఒక్కో రుచిమొగ్గలో అలాంటివి 50 నుంచి 100 దాకా ఉంటాయి. తీపికి టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రోటీన్లు జంటగా పనిచేస్తాయి. మాంసంలో, పుట్టగొడుగుల్లో తెలిసే కమ్మని రుచి ఉమామికి టీ1ఆర్1, టీ1ఆర్3 జంట. చేదుకైతే మనిషిలో ఇలా అణువుల్ని పసిగట్టే ప్రోటీన్లు, అంటే గ్రాహకాలు, సుమారు 25 రకాలున్నాయి. తీపి ఒక్క జంటతో సరిపెట్టుకుంటే చేదుకి ఇన్ని ఎందుకో ఆలోచించు. విషాలు ఒక్క రూపంలో రావు మరి. ఈ మూడు రుచుల్లోనూ తర్వాతి దారి ఒకటే: గ్రాహకం నుంచి కబురందుకునే జీ ప్రోటీన్ కదులుతుంది, కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం విడుదలవుతుంది, కణం పొరలో తలుపులాంటి టీఆర్‌పీఎమ్5 ఛానల్ తెరుచుకుని సోడియం లోపలికొస్తుంది, చివరికి కణం ఏటీపీని బయటికి వదులుతుంది. శక్తి అణువుగా మనం పాఠాల్లో చదివిన ఏటీపీయే ఇక్కడ పక్కనున్న నాడికి కబురు మోస్తుంది. పులుపుకి ఇంత తతంగం లేదు. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు ఓటోప్1 అనే ఛానల్ గుండా నేరుగా కణంలోకి వెళ్లిపోతాయి. ఆ ఛానల్ సంగతి 2018లో బయటపడింది, అదే పులుపుది అని 2019లో రూఢి అయింది. నేను రిటైరయ్యాక! ఎన్ని బ్యాచ్‌లకు పులుపు దగ్గర తడబడుతూ పాఠం చెప్పానో తలుచుకుంటే, ఆ పిల్లలందరినీ మళ్లీ కూర్చోబెట్టి చెప్పాలనిపించింది.

ముక్కు తీరు వేరు. అక్కడున్నవి అసలైన నాడీకణాలు. ఒక కొస ముక్కు పైభాగాన శ్లేష్మంలో తేలుతుంటుంది, రెండో కొస ఎముకలోని సన్నని రంధ్రాల గుండా పైకి వెళ్లి, మెదడులో వాసనల తొలి మజిలీ అయిన ఆల్‌ఫాక్టరీ బల్బ్‌లో ఆగుతుంది. అంటే బయటి గాలికీ మెదడుకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క కణం. నా భయమంతా ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడర్థమైందా?

నేను పాఠాలు మొదలుపెట్టినప్పుడు వాసనకి ఏడు మూల రకాలని చెప్పేవాళ్లం. కర్పూరం, కస్తూరి, పువ్వు, పిప్పర్‌మెంటు, ఈథర్, ఘాటు, కుళ్లు. 1960లలో ఎమూర్ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క అది. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌ల పత్రం వచ్చింది. వాసన గ్రాహకాలు ఏడో పదో కాదు, వందల జన్యువుల కుటుంబమని అందులో చూపారు. ఎలుకల్లో దాదాపు వెయ్యి, మనిషిలో పనిచేసేవి 400 దాకా. ఆ పత్రం చదివిన రోజు నా పాత నోట్సులోని ఆ పేజీలు తీసేసి కొత్తగా రాసుకున్నాను. 2004లో వాళ్లకు నోబెల్ వచ్చినప్పుడు క్లాసులో చెబుతూ నా గొంతు పూడుకుపోయింది, పిల్లలు ఆశ్చర్యంగా చూశారు.

ఒక్కో నాడీకణం ఆ 400ల్లో ఒక్క రకం గ్రాహకాన్నే తయారుచేస్తుంది. ఒకే రకం గ్రాహకమున్న కణాలు ముక్కులో ఎక్కడెక్కడ చెదిరి ఉన్నా, వాటి తంతువులన్నీ బల్బ్‌లో కొద్ది చోట్లకే చేరతాయి. ఒక వాసన అణువు కొన్ని గ్రాహకాలను గట్టిగా, కొన్నిటిని కొద్దిగా కదిలిస్తుంది. కొద్దిపాటి అక్షరాలతో లెక్కలేనన్ని మాటలు వచ్చినట్టు ఆ కలయికల్లోంచే వాసనలు పుడతాయి. గాఢత మారితే కలయికా మారుతుంది. ఇండోల్ కొద్దిగా ఉంటే మల్లెపూలు గుర్తుకొస్తాయి, ఎక్కువైతే మలం కంపు. అందుకని గాఢత రాయకుండా "ఫలానా దాని వాసన ఇది" అని ఎప్పుడూ రాయకు.

నీ రికార్డింగుల్లో ఒక వింత చూస్తావు, కంగారు పడకు. వాసన కణంలో మొదట సైక్లిక్ ఏఎంపీ అనే కబురు అణువు పెరుగుతుంది, ఛానళ్లు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికొస్తాయి. ఆ కాల్షియం మరో రకం ఛానళ్లను తెరిస్తే క్లోరైడ్ బయటికి పోతుంది. చాలా నాడీకణాల్లో క్లోరైడ్ లోపలికి వచ్చి కణాన్ని శాంతపరుస్తుంది. ఇక్కడ రుణావేశం బయటికి పోవడం వల్ల కణం ఇంకా రెచ్చిపోతుంది. ఈ కణాలు క్లోరైడ్‌ని ముందే లోపల పోగుచేసుకుని ఉంచుకుంటాయి. బయటి శ్లేష్మంలో లవణాల పాళ్లు ఎలా మారినా సంకేతం బలంగా ఉండటానికి ఇది పనికొస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగెత్తని పాఠమిది.

ఇక ఒక పాత తప్పు గురించి రాయాలి. ఇది పెద్దగానే రాస్తాను, విసుక్కోకుండా చదువు.

నాలుక పటం నీకూ చిన్నప్పుడు నేర్పే ఉంటారు. కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనక చేదు. 1901లో జర్మనీలో హేనిగ్ నాలుక అంచుల వెంట కొలతలు తీశాడు. ఎంత పలచని ద్రావణం దాకా రుచి తెలుస్తుందో చూస్తే, చోటుని బట్టి కొద్దిపాటి తేడాలు కనిపించాయి. కొద్దిపాటివే. 1942లో హార్వర్డ్‌కు చెందిన బోరింగ్ తన పుస్తకంలో ఆ కొలతల్ని గ్రాఫుగా గీసినప్పుడు తేడా ఎంతన్నది చదివేవాళ్లకు తెలియకుండా పోయింది. తక్కువ తెలిసే చోటు అసలు తెలియని చోటుగా మారింది. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రంగులేసి గీసుకున్నాయి. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ కొలిచి, తేడాలున్నా అవి చాలా స్వల్పమని చూపింది. పటం మాత్రం పోలేదు.

మా ప్రాక్టికల్స్‌లో దూది పుల్లతో తీపి ద్రావణం నాలుక మీద చోటు చోటునా అద్ది, ఎక్కడ తెలిసిందో రాయమనేవారు. నా పక్క బల్ల అమ్మాయి వెనక అద్దినప్పుడు కూడా తీపి తెలిసిందని రాసింది. నోరు పుక్కిలించి మళ్లీ అద్దుకుంది, మళ్లీ అదే రాసింది. లెక్చరర్ ఆ వరస మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, "పుస్తకం చూసుకుని రా" అన్నాడు. ఆ అమ్మాయి చూసుకుని వచ్చింది. పుస్తకంలో ఉన్నట్టే రాసి మార్కులు తెచ్చుకుంది. ఆ తర్వాత ఏ ప్రాక్టికల్‌లోనూ ముందు ప్రయోగం చేసి రాయడం నేను చూడలేదు. ముందు పుస్తకం తెరిచేది. మా క్లాసులో అందరికంటే నిశితంగా చూడగల పిల్ల తనే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఎర్రగీత తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

తను చూసిందే నిజం. నాలుక ముందు బొడిపెల్లో, పక్క మడతల్లో, వెనక పెద్ద బొడిపెల్లో, మెత్తటి అంగిలి మీద కూడా రుచిమొగ్గలున్నాయి, అన్ని చోట్లా అన్ని రుచులూ తెలుస్తాయి. 1908లో ఇకెదా పేరుపెట్టిన ఉమామికి ఆ పటంలో చోటే లేదు. ముందు భాగపు రుచిని మోసే నాడి మధ్యచెవి గుండా పోతుంది. చెవి ఆపరేషన్లలో అది దెబ్బతినవచ్చు. పటం నిజమైతే వాళ్లకు ఆ వైపు తీపి ఒక్కటే పోవాలి. అలా జరగదు. ఆ వైపు ముందు భాగంలో రుచులన్నీ తగ్గుతాయి, మిగతా నాడులు ఆదుకోబట్టి చాలామందికి ఆ సంగతే తెలియదు.

నీ గైడ్ ఎంత పెద్దవారైనా, పత్రం ఎంత పేరున్న పత్రికలో వచ్చినా, నీ ట్రేస్‌లో, అంటే రికార్డింగు గీతలో, వేరేలా కనిపిస్తే కొట్టేయకు. మళ్లీ చెయ్యి. అప్పటికీ అలాగే వస్తే అలాగే రాసి, తేదీ వేసి, వారికి చూపించు. వినయంగా చూపించు, కానీ చూపించు. ఈ ఉత్తరం మొత్తంలో నిన్ను నిజంగా కోప్పడి చెబుతున్న మాట ఇదొక్కటే.

మనుషుల మీద ప్రయోగాలు పెట్టేటప్పుడు నీ నాలుకని కొలబద్ద చేసుకోకు. 1931లో ఫాక్స్ అనే రసాయనవేత్త ల్యాబ్‌లో పీటీసీ అనే రసాయనపు పొడి గాలిలోకి లేస్తే పక్కనున్నాయన చేదన్నాడు, ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకే చేదు గ్రాహకపు జన్యువులో తేడా వల్ల అలా జరుగుతుందని తర్వాత తెలిసింది. రుచి ఒక్కటే కొలవాలంటే ముక్కుకి క్లిప్ పెట్టించు. నోట్లోంచి గొంతు వెనకగా ముక్కుకి చేరే వాసననే మనుషులు రుచి అనుకుంటారు. వాసన పరీక్షకి అమ్మోనియా వాడకు. అది కళ్లల్లో, ముక్కులో మంటపుట్టించే ట్రైజెమినల్ నాడిని తాకుతుంది, వాసన బొత్తిగా తెలియనివాళ్లు కూడా అమ్మోనియాకి తల వెనక్కి లాగుతారు. మిరప మంటా ఆ కోవదే. అది టీఆర్‌పీవీ1 అనే వేడి గ్రాహకం పని, రుచిమొగ్గలది కాదు.

బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ పెట్టుకో. ఎన్నిసార్లు చెప్పానని మూతి ముడవకు. తలకు గట్టి దెబ్బ తగిలితే, ఆ ఎముక రంధ్రాల దగ్గర వాసన తంతువులు పుటుక్కున తెగిపోతాయి. కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి, కానీ దారిలో గాయం గట్టిపడితే వాటి తంతువులు పైకి చేరలేవు. నాతో పనిచేసినావిడ ఒకరు అలా వాసన పోగొట్టుకున్నారు. తీపి, ఉప్పు, పులుపు, చేదు అన్నీ తెలిసేవి, ఏం తింటోందో మాత్రం తెలిసేది కాదు. పొయ్యి మీద మాడుతున్నా తెలిసేది కాదు. చంటిబిడ్డను ఎత్తుకుని తల దగ్గర ముక్కు పెట్టి ఏడ్చేసింది. "వాసనే కదా, చూపు పోలేదు కదా" అని ఓదార్చినవాళ్లున్నారు. కోవిడ్‌లో లక్షల మందికి వాసన పోయినప్పుడూ ఇదే మాట విన్నాను. అక్కడ వైరస్ ముఖ్యంగా పట్టింది నాడీకణాల్ని కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాల్ని. అందుకే చాలామందికి తిరిగొచ్చింది. రానివాళ్లు నీ దగ్గరికి వస్తారు, వసుధా. వాళ్లు చెప్పేది పూర్తిగా విను. మధ్యలో వాచీ చూసుకోకు.

జలుబు చేసిన రోజు నీ ముక్కుతో ఏదీ తేల్చకు. మొదటి ట్రేస్ రాగానే గీతలన్నీ వంకరగా ఉన్నా సరే నాకు పంపు, స్కేలు మాత్రం తప్పకుండా వేసి పంపు. ఇప్పుడు జవాబు రాసేటప్పుడు అన్నిటికంటే ముందు మీ ల్యాబ్‌లో రసాయనాల ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఎక్కడుందో, దాని ఫ్యాను గాలి లాగుతోందో లేదో చూసి రాయి. హాస్టల్ సంగతులు తర్వాత రాద్దువుగాని.

మీ అత్తయ్య