ఎంఓటీ పాసైతే చాలా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో చదువుతున్నాను. 2014 నాటి పెట్రోల్ కారు బేరంలో ఉంది. ‘ఎంఓటీ పాసైంది’ అంటున్నాడు అమ్మేవాడు (బ్రిటన్‌లో పాత కార్లకు ఏటా జరిగే తప్పనిసరి తనిఖీ అది). నమ్మి కొనొచ్చా?

జవాబు: ఆ ఒక్క మాట మీద వద్దు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లో నంబర్ ప్లేటు కొడితే పాత తనిఖీలన్నీ ఉచితంగా కనిపిస్తాయి. ముందు మైళ్లు చూడండి. 2021లో 78,400 ఉండి, 2022లో 61,000 ఉంటే మీటరు వెనక్కి తిప్పారేమో అనుకోవాలి. టెస్టరు అంకె తప్పుగా కొట్టి ఉండొచ్చు కూడా. తర్వాతి ఏళ్లతో పోల్చితే తేలిపోతుంది.

ఆపైన అడ్వైజరీలు, అంటే కారు పాసైనా టెస్టరు రాసిపెట్టే హెచ్చరికలు. టైరు అరిగిందంటే బేరానికి పనికొస్తుంది, అంతే. ‘బ్రేకు పైపుకు తుప్పు’ అని వరుసగా మూడేళ్లు రాసుంటే మాత్రం బాగుచేయించకుండా నెట్టుకొచ్చారన్నమాట. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. క్లచ్, గేర్‌బాక్సుల పరిస్థితి ఎంఓటీలో చూడరు. అందుకే ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించి, స్వయంగా నడిపి చూడండి.