క్యాప్స్ లాక్ ఆన్ ఉండంగ కొట్టిన రెండు పేజీలు మల్ల మొదటి నుంచి కొట్టాల్నా?

అవసరం లేదు తమ్మీ. కాయితం చూస్కుంట టైపు కొట్టి రెండు పేజీలైనంక తలెత్తి చూస్తే ఇంగ్లీషు దరఖాస్తు మొత్తం పెద్దక్షరాలల్ల ఉన్నదన్నవు కదా, వర్డ్‌ల ఆ మ్యాటర్ సెలెక్ట్ చేసి షిఫ్ట్ పట్టుకొని ఎఫ్3 నొక్కు. నొక్కినప్పుడల్లా రూపు మారుతది, నీకు కావాల్సింది వచ్చినప్పుడు ఆపు. ల్యాప్‌టాప్‌ల సౌండ్ గిట్ల మారుతుంటే ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలె. లేకుంటే అండ్లనే హోమ్ ట్యాబ్‌కు పో, ఫాంట్ సైజు పక్కన పెద్ద ఏ, చిన్న ఏ కలిపిన బొమ్మ ఉంటది, అండ్ల 5 రకాలు కనవడ్తయి. నీకైతే సెంటెన్స్ కేస్ చాలు. గూగుల్ డాక్స్‌ల అయితే ఫార్మాట్, టెక్స్ట్, క్యాపిటలైజేషన్‌కు పో, కాకపోతే అండ్ల సెంటెన్స్ కేస్ ఉండది.

కానీ అంతటితోని అయిపోలే. సెంటెన్స్ కేస్ పెడితే వాక్యం మొదటి అక్షరమే పెద్దగ ఉంటది, దానికి నల్గొండ ఊరని తెల్వది, ఎమ్మార్వో అనేది పొట్టిపేరని అంతకన్నా తెల్వది, అన్నీ చిన్నగ చేసి కూసుంటది. గవి ఒక్కొక్కటి చూస్కోవాలె. ఒకటే పేరు చానాసార్లు వస్తే ఫైండ్ అండ్ రీప్లేస్‌ల మ్యాచ్ కేస్ టిక్ పెట్టి ఒక్కసారే మార్చెయ్.

ఇగ నేను దెబ్బతిన్న ముచ్చట చెప్త. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర డీటీపీ షాపుల పని నేర్చుకునే రోజులల్ల ఒక భూమి అగ్రిమెంటు వచ్చింది, సగం ఇంగ్లీషు, సగం అను ఫాంట్ల తెలుగు. ఇంగ్లీషు చిన్నగ చెయ్యాలని కంట్రోల్ ఏ కొట్టి ఫైల్ మొత్తం సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఎఫ్3 నొక్కిన, మొదటి పేజీ ఇంగ్లీషే కాబట్టి మంచిగనే కనవడ్డది, సేవ్ చేసి ఫైల్ మూసి ప్రింట్ ఇచ్చిన. చండూరు నుంచి వచ్చిన పెద్దాయన రెండో పేజీ తిప్పి తిప్పి చూసి "బిడ్డా, ఇది ఏం బాస?" అన్నడు. అను ఫాంట్ల కంటికి కనవడేది తెలుగే గని లోపల ఉండేది ఇంగ్లీషు కీబోర్డు గుర్తులే, పెద్ద ఏ కు ఒక ముక్క, చిన్న ఏ కు ఇంకో ముక్క ఉంటది, కేస్ మారిస్తే తెలుగంతా ఆగమాగం అయితది. ఫైల్ మూసిన కాబట్టి కంట్రోల్ జెడ్ కూడా పని చెయ్యలే, రాత్రి తొమ్మిదింటిదాక మల్ల కొట్టిన. ఓనర్ ఏమనలే, ఛాయ్ కూడా పోయలే.

గౌతమి, నిర్మల లాంటి యూనికోడ్ తెలుగైతే, అంటే లోపల కూడా తెలుగు అక్షరమే ఉండేదైతే, ఏం కాదు, మన లిపిల పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు కదా. నీ దరఖాస్తుల తెలుగు ఉంటే ముందు అది ఏ ఫాంటో చూడు, అను అయితే ఇంగ్లీషు పేరాలు మాత్రమే సెలెక్ట్ చెయ్యి.