పైనుంచి తీసిన దోపిడీ దృశ్యం: అది 1915 నాటి మూకీ

మంచివాడిగా మారిన ఖైదీ జిమ్మీ వాలెంటైన్ కథపై మూడు చిత్రాలున్నాయని, బ్యాంకు దోపిడీని పైనుంచి చూపిన దృశ్యం వాటిలో దేనిదో తేలడం లేదని మీరు రాశారు. అది నిస్సందేహంగా 1915లో మారిస్ టూర్నర్ తీసిన చిత్రంలోనిదే. పైకప్పు లేని సెట్టుకు ఎగువన కెమెరాను నిలపడం వల్ల, దొంగలు గది నుంచి గదికి కదలడమూ, గోడకు అవతల కాపలాదారు తిరగడమూ ఒకేసారి కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఇది అపురూపమైన ఆలోచన. ఖజానాలో చిక్కుకున్న బిడ్డను కాపాడే ఘట్టం ఈ మూడు చిత్రాలకూ మూలమైన, అమెరికన్ రచయిత ఓ. హెన్రీ రాసిన కథలోనిదే కనుక, దాన్నిబట్టి ఏ చిత్రమో తేల్చుకోలేరు. కథానాయకుడి పాత్ర వేసిన నటుడి పేరు చూడండి: 1915లో రాబర్ట్ వార్విక్, 1920లో బర్ట్ లైటెల్, కొంత మాటలున్న 1928 చిత్రంలో విలియం హెయిన్స్.